సిగ్రూన్ బండి ముందు ఫోర్కు సీళ్ళ గురించి ఓడ్‌వర్ లీన్ చెప్పినది

స్కార్‌విక్ పోలీసు ఠాణా, పశ్చిమ నార్వే. జూన్ 21, శనివారం. మధ్యాహ్నం 12 గంటల 55 నిమిషాలకు మొదలు. రాసుకున్నది: పోలీసు అధికారిణి ఇంగున్ హౌగె.

నా పేరు ఓడ్‌వర్ లీన్. వయసు అరవై ఏడు. వాహనాలను ఫ్యోర్డు నీళ్ళు దాటించే పంటు మీద, ఇంజను గదిలో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. రేవు వెనక ఎర్ర ఇల్లు నాది. పక్క తెల్ల ఇల్లు నా చెల్లెలు సిగ్రూన్‌ది. ఆమెకు అరవై. చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. నన్ను ఎవరూ పట్టుకురాలేదు. నా అంతట నేనే వచ్చాను.

ముందు ఒక మాట రాయండి. ఇవాళ నా చెల్లెలికి ఏమైనా జరిగితే అది ఆమె నడిపిన తీరులో లోపం కాదు. ఆమె మోకాలిది కాదు, ఆమె వయసుది కాదు. ఆమె మోటారు సైకిలు ముందు బ్రేకుల్లో తప్పు పని చేసింది నేను. చేసి, బాగున్నాయని చెప్పింది నేను. ఇది మొదటి పేజీలోనే ఉండాలి. ఈ ఊరి నోళ్ళు నాకు తెలుసు. కీలు మార్చిన మోకాలితో, అరవయ్యేళ్ళ వయసులో, కొండ మీదికి బండేమిటని రేపు దుకాణం ముందు నిలబడి అంటారు. అలా అననివ్వను. అందుకే ఇదంతా రాయమని అడిగాను.

ఆమె బండిని ఆపమని మీ కార్లన్నిటికీ వైర్‌లెస్‌లో చెప్పానన్నారు. దగ్గర్లో ఉన్న కారు కొండకు అవతల, ఆమె వెళ్తున్న లౌవ్‌దాల్ వైపు ఒక రోడ్డు ప్రమాదం దగ్గర ఉందన్నారు. అది ఇప్పుడే బయల్దేరిందన్నారు. విన్నాను. అయినా ఇంకోసారి చెప్పండి, బయల్దేరిందా?

సరే. వరసగా చెబుతాను.

సిగ్రూన్‌ది పాత బండి. దూర ప్రయాణాలకు చేసిన పెద్ద బండి, ముందు గాలి తగలకుండా అద్దం, వెనక రెండు పెట్టెలు. ఆమె, ఆమె భర్త కలిసి ముప్పై ఎనిమిదేళ్ళ క్రితం కొత్తగా కొన్నారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. బండి మాత్రం ఆమె వదల్లేదు. పోయిన శరదృతువులో ముందు ఫోర్కుల నుంచి నూనె కారడం మొదలైంది. ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే గొట్టాలే ఫోర్కులు. లోపల నూనె ఉంటుంది. నూనె బయటికి రాకుండా పైన రబ్బరు సీలు ఉంటుంది. సీలు అరిగితే నూనె గొట్టం వెంబడి కిందికి దిగుతుంది. దిగి ఎక్కడికి పోతుందంటే, సరిగ్గా బ్రేకు మీదికి.

ఏప్రిల్‌లో మా పాత బళ్ళ సంఘం షెడ్డులో, కాఫీ బల్ల దగ్గర, సిగ్రూన్ బండిని పట్నంలో వర్క్‌షాపుకు పంపుతానంది. నాకు అవమానం అనిపించింది. "నేను బతికుండగా నీ బండి పట్నం పోతుందా? జూన్‌లో సంక్తాన్స్ పండగలోపు చేసి ఇస్తాను," అన్నాను. అందరూ విన్నారు. మా తోర్లైఫ్, రొట్టెల దుకాణం నడిపి మానేసినవాడు, "ఏ ఏడాది సంక్తాన్స్ అన్నా?" అన్నాడు. నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వే నన్ను ముంచింది.

ఏప్రిల్ పోయింది, మే పోయింది. బండి షెడ్డులో గుడ్డ కప్పుకుని ఉంది. నేను చేపలు పట్టుకున్నాను. జూన్ 12న సిగ్రూన్ వచ్చి, లౌవ్‌దాల్ చర్చిలో 21న సాయంత్రం ఐదింటికి ఒక పెళ్ళి ఉందని, ఆర్గన్ తనే వాయించాలని చెప్పింది. ఫిబ్రవరిలో ఆమె కుడి మోకాలి కీలు మార్చారు. ఈ నెలలోనే డాక్టరు బండి నడపవచ్చన్నాడు. కుడికాలితో గట్టిగా తొక్కకూడదని మాత్రం అన్నాడు. వెనక బ్రేకు కుడికాలి కిందే ఉంటుంది. అంటే ఆమెకు ఉన్నది ముందు బ్రేకు ఒక్కటే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

"నాలుగు నెలలు మూలన కూర్చున్నాను అన్నా. ఆ పెళ్ళికి బండి మీదే పోతా. అవుతుందా, అవదా? అవకపోతే ఇప్పుడే చెప్పు, బస్సుంది," అంది.

"బస్సెక్కితే నా పరువేం కావాలి?" అన్నాను.

ఇప్పుడు ఎంతయింది? ఒంటిగంట ఐదు. ఆమె కొండ దారిలో సొరంగం దగ్గర ఉంటుంది. సొరంగం దాటాక ఫోను అందదు. ఇప్పుడు కూడా అందడం లేదు. ఫోను ఆపేసి ట్యాంకు మీది సంచిలో పెడుతుంది, నడిపేటప్పుడు మోగితే ఆమెకు చిరాకు.

పని గురించి చెబుతాను. జూన్ 16న మొదలుపెట్టాను. బండిని ఇంజను కింద దిమ్మె పెట్టి లేపాను. ముందు చక్రం తీశాను. బ్రేకులను తీగతో పక్కకు కట్టాను. ఫోర్కు గొట్టాలు రెండూ బయటికి తీసి తలకిందులు చేస్తే నూనె నల్లగా వచ్చింది, కుళ్ళిన చేప వాసన. పాత సీళ్ళు లాగేశాను. కుడి గొట్టం మెరుస్తూ ఉంది. ఎడమ గొట్టం మీద ఒకచోట తుప్పు తిని ఆవగింజంత గుంట పడింది. గొట్టం మార్చాలి. నేను మార్చలేదు. గుంటలో గట్టి జిగురు నింపి, ఆరాక సన్నటి గరుకు కాగితంతో రుద్దాను. గోటితో గీస్తే తగల్లేదు. కొత్త సీలు పెదవి, అంటే లోపలి సన్నటి అంచు, చిరగకుండా గొట్టం కొసకు ప్లాస్టిక్ సంచి చుట్టి, నూనె రాసి, నెమ్మదిగా జార్చాను. డ్రైనేజీ గొట్టం ముక్కతో కొట్టి కూర్చోబెట్టాను. నూనె కొలిచి పోశాను. సీళ్ళ పని నేను శ్రద్ధగానే చేశాను. అది కూడా రాయండి. శ్రద్ధగానే చేశాను.

తప్పు బ్రేకు ప్యాడ్ల దగ్గర జరిగింది. చక్రంతో పాటు తిరిగే ఇనప డిస్కును రెండు వైపుల నుంచి నొక్కి ఆపేవి ప్యాడ్లు. చలికాలమంతా కారిన నూనె వాటిలోకి ఇంకిపోయింది. ఇటుక నీళ్ళు తాగినట్టు తాగాయి. నూనె తాగిన ప్యాడ్లు పారెయ్యాలి. వేరే మాట లేదు. కొత్తవాటికి పట్నం దుకాణానికి ఫోను చేస్తే, "వచ్చే మంగళవారం వస్తాయి," అంది అక్కడి ఆవిడ. మంగళవారం అంటే జూన్ 24. పెళ్ళి 21న.

పంటు మీద మాకు ఒక పద్ధతి ఉండేది. తాళ్ళు చుట్టే యంత్రం బ్రేకుకు నూనె అంటితే, దాన్ని మంటలో కాల్చేవాళ్ళం. పొగ ఆగేదాకా కాల్చి, గాజు పలక మీద గరుకు కాగితం పరిచి రుద్దితే మళ్ళీ పట్టేది. మా ఇంజను గదిలో కొత్తది అడగడం నామోషీ. కాల్చి బాగుచేసినవాడే మొనగాడు. నేను వందసార్లు చేసుంటాను. కానీ ఆ బ్రేకు రెండు నిమిషాలు పనిచేసి రెండు గంటలు చల్లగా ఉంటుంది. కొండ దిగే బండి బ్రేకు అలా కాదు. ఇది నాకు తెలియదా? తెలుసు. తెలిసినా ఆ రోజు గుర్తు రాలేదు. గుర్తు రానివ్వలేదు అని రాయండి.

జూన్ 18, బుధవారం, ఉదయం పదకొండింటికి షెడ్డు వెనక నాలుగు ప్యాడ్లనూ మంటలో కాల్చాను. పొగ వచ్చింది, ఆగింది. ఒకటి పగిలింది. దాని బదులు పాత డబ్బాలో ఉన్న సగం అరిగిన ప్యాడు ఒకటి వేశాను. రుద్దాను. చూడటానికి కొత్తవాటిలాగే ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం.

జూన్ 19, గురువారం, సాయంత్రం ఆరున్నరకు సిగ్రూన్ షెడ్డుకు వచ్చింది. తోర్లైఫ్ ఉన్నాడు, ఇంకో ఇద్దరు ఉన్నారు. బండి చక్రాల మీద నిలబడి ఉంది. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు మోకాలు వంచలేక వంగి చూసింది.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. సీళ్ళు మార్చిన బండికి, సీలు కింద ఫోర్కుకు తెల్ల ఊలు దారం ఒక చుట్టు కడతారు. మొదటిసారి ఆగినచోట దారం చూసుకోవాలి. పొడిగా ఉంటే పని గట్టి. తడిస్తే బండి అక్కడే ఆపి నడిచి రావాలి, రిపేరు చేసినవాడు సంఘం మొత్తానికి వాఫుల్స్ కాల్చి పెట్టాలి. తోర్లైఫ్ ఇప్పటికి మూడుసార్లు పెట్టాడు. నేను ఎప్పుడూ పెట్టలేదు. ఎందుకంటే నా పనికి నేను దారం కట్టనివ్వను.

తోర్లైఫ్ జేబులోంచి దారం తీశాడు. "కట్టమంటావా, వాఫుల్స్ అంటే భయమా?"

"లోపల పెట్టరా. తాతకు దగ్గులు నేర్పుతావా?"

"దగ్గు వస్తే తెలుస్తుందిలే తాతా."

"నేను బిగించినది నలభై ఏళ్ళలో కారింది లేదు. నీ దారం నీ మీసానికి కట్టుకో."

అందరూ నవ్వారు. సిగ్రూన్ నవ్వలేదు. బ్రేకు వైపు చూపించింది. "ప్యాడ్లు? అన్నా, ప్యాడ్లు కొత్తవేనా?"

నేను కాఫీ పోసుకుంటున్నాను. "కొత్తవే," అన్నాను.

ఒక్క మాట. "మంగళవారం వస్తాయి" అని ఉంటే సరిపోయేది. వాళ్ళు నవ్వేవాళ్ళు, అంతే కదా. ఇవాళ పొద్దున 8:40 బస్సెక్కి పోయేది. గోరుతో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను. ఆ బస్సు మా ఇంటి ముందు నుంచే పోయింది. నేను గుమ్మంలో పళ్ళు తోముకుంటూ చూశాను. లోపల నలుగురే ఉన్నారు. మిగతా సీట్లన్నీ ఖాళీ.

మీరు అడిగారు, బండి నడిపి చూశారా అని. చూశాను. శుక్రవారం రేవు దాకా వెళ్ళి నాలుగుసార్లు గట్టిగా ఆపాను. ఆగింది. చల్లగా ఉన్నప్పుడు ఆగుతుంది. అదే మోసం.

ఈ ఉదయం 10:30కి ఆమె బయల్దేరింది. ఆర్గన్ వాయించడానికి ఆమెకు వేరే బూట్లు ఉన్నాయి. పలచటి అడుగు, నల్లవి, కాలితో నొక్కే ఆర్గన్ మెట్లు తెలియడానికి. వాటిని గుడ్డలో చుట్టి ఎడమ పెట్టెలో నేనే పెట్టాను. "బూట్లు తడవకుండా పెట్టావా?" అని అడిగింది. "పెట్టాను," అన్నాను. అది నిజమే చెప్పాను. బూట్ల గురించి నిజం చెప్పాను.

11:15 పంటు ఎక్కింది. గట్టు మీద నుంచి చెయ్యి ఊపాను. పంటు నీళ్ళ మధ్యకు వెళ్ళాక ఆమె బండి పక్కన కూర్చుని కిందికి వంగినట్టు కనిపించింది. చేతిసంచిలోంచి అల్లిక తీసుకుంటోంది అనుకున్నాను. ఎక్కడికి పోయినా ఊలు, సూదులు వెంట ఉంటాయి.

నేను షెడ్డుకు వెళ్ళాను. చల్లగా ఉందని ఇనప పొయ్యి ముట్టించాను. మా కాఫీ కెటిలు అడుగు వంకర, ఊగుతుంది. అది ఊగకుండా కింద ఏదో ఒక ముక్క పెడుతుంటాను. మంటలో పగిలిన ప్యాడు బల్ల మీద ఉంటే అదే పెట్టాను. కాఫీ కాగింది. 12:20కి కెటిలు తీశాను. ప్యాడు చెమట పట్టి ఉంది. వేడికి లోపలి నూనె పైకి వచ్చి, ముఖమంతా తడిగా మెరుస్తోంది. వేలితో తాకాను. జారింది. ఇంకోసారి తాకాను. మళ్ళీ జారింది.

ఆ ప్యాడు ఈ సంచిలో ఉంది. తీసుకోండి. ఇప్పుడు చల్లారింది కాబట్టి మళ్ళీ మంచిదానిలా ఉంది, దాని ముఖం చూసి నమ్మకండి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు పరిగెత్తాను. ఫోను చేశాను, ఆపేసి ఉంది. ఎనిమిదిసార్లు చేశాను. 12:28కి అవతలి గట్టు దాటాక ఉన్న పెట్రోలు బంకుకు చేశాను. అక్కడ ఆమె ప్రతిసారీ ఆగుతుంది. బంకు నడిపే ఆవిడ ఎత్తింది.

"సిగ్రూన్ ఉందా అక్కడ? మా చెల్లెలు, నీలం బండి!"

"ఇప్పుడే పోయిందే. ఉప్పు లికరిస్ మిఠాయి పొట్లం కొనుక్కుని, నాతో కాసేపు ముచ్చట పెట్టి పోయింది. పది నిమిషాలైంది."

"వెనక పో! కారేసుకుని వెనక పో!"

"నా కారు మా ఆయన తీసుకుపోయాడు. ఏమైంది ఓడ్‌వర్? ఏమైంది చెప్పు?"

పది నిమిషాలు. నేను కాఫీ పది నిమిషాల ముందు దించి ఉంటే సరిపోయేది. మామూలుగా నాకు కాఫీ పలచగానే ఇష్టం. ఇవాళ చిక్కగా కావాలని ఉంచాను.

తర్వాత అత్యవసర నంబరుకు చేసి, నా బండిలో ఇక్కడికి వచ్చాను. తర్వాతి పంటు 1:15కి. అది ఎక్కినా ఆమెను అందుకోలేను. లెక్క వేశాను. పంటు లెక్కలు నాకు కంఠతా వచ్చు.

ఇప్పుడు ఒంటిగంట ముప్పై రెండు. ఆమె కొండ ఎక్కుతూ ఉంటుంది. ఎక్కేటప్పుడు భయం లేదు, బ్రేకు అక్కర్లేదు. గ్రోనుత్ శిఖరం మీద ప్రయాణికుల రాతి గుడిసె ముందు ఆగుతుంది. మోకాలు చాపుకుంటుంది. పది నిమిషాలు. ఆ గుడిసె వచ్చే వారం గాని తెరవరు, ఫోను చేశాను, ఎవరూ లేరు. ఆ తర్వాత దిగుడు. పదకొండు మెలికలు. మొదటి మూడు మెలికల్లో బ్రేకు పట్టుకుంటుంది. నాలుగోదానికి డిస్కు కాలుతుంది. ఐదోదానికి నూనె పైకి వస్తుంది. ఆరో మెలిక దగ్గర గట్టు అంచున రాళ్ళ వరస మోకాలెత్తు ఉంటుంది, దాని కింద వాగు. ఆ రాళ్ళు నాకు తెలుసు. ఒకసారి నేను, ఆమె, ఆమె భర్త అక్కడ కూర్చుని రొట్టె, గోధుమరంగు చీజు తిన్నాం.

మీరు నీళ్ళు ఇచ్చారు. వద్దు. రాయండి.

1:42కి వైర్‌లెస్ మోగింది. మీరు పెద్దగా పెట్టారు. కొండ కింద, లౌవ్‌దాల్ వైపు, మీ కారు చేరింది. "బండేదీ దిగి రాలేదు. దారిలో ఇద్దరిని అడిగాం, ఎవరూ చూడలేదు. పైకి వెళ్తున్నాం. మలుపుల్లో వైర్‌లెస్ అందదు, పైన అందితే చెబుతాం," అన్నాడు అతను. తర్వాత గరగరమని చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

"ఓడ్‌వర్ గారూ, కూర్చోండి," అన్నారు మీరు.

"కూర్చోలేనమ్మా."

"వాళ్ళు ఎదురు వెళ్తున్నారు. ఎక్కడో ఒకచోట కలుస్తారు."

"ఎక్కడ కలుస్తారన్నదే కదమ్మా నా భయం. నాలుగోదానికి ముందా, ఆరోదాని తర్వాతా?"

ఇది మీరు రాశారు. సరే, ఉండనివ్వండి.

1:50. ఇప్పుడు ఆమె గుడిసె దగ్గర లేచి హెల్మెట్ పెట్టుకుంటూ ఉంటుంది. 1:52. ఎక్కి ఉంటుంది. 1:55. నేను దేవుణ్ణి పెద్దగా పట్టించుకునే మనిషిని కాదు. ఆదివారం చర్చికి పోయేది చెల్లెలి వాయిద్యం వినడానికే. ఇప్పుడు ఆయన్ని ఒకటే అడిగాను. నేను వేసిన సీలు కారాలి. ఎడమది, ఆ ఆవగింజంత గుంట ఉన్నది. కొండ రోడ్డు మీద ఎన్నో గుంతలు. ఫోర్కు కిందిదాకా దిగి లేస్తే ఆ గుంట సీలును దాటుతుంది. జిగురు ఊడితే సీలు పెదవి తెగుతుంది. తెగి కారాలి. ఇప్పుడే కారాలి, శిఖరం మీదే కారాలి, ఆమె చూడాలి. నలభై ఏళ్ళలో నేను బిగించినది కారాలని కోరుకున్నది ఇదే మొదలు.

కానీ నూనె సన్నగా కారితే నల్లటి ఫోర్కు మీద కనిపించదు. అందుకే దారం కడతారు. తెల్ల దారం. నేను కట్టనివ్వలేదు. తోర్లైఫ్ జేబులోంచి తీశాడు. నేను కట్టనివ్వలేదు. జేబులోంచి తీశాడు కదా. తీసి పట్టుకున్నాడు. నేను కట్టనివ్వలేదు.

2:03. కింద బండి దిగి రాలేదు అన్నది 1:42 మాట. తర్వాత ఏమీ తెలియదు. ఆమె బూట్లు పెట్టెలో ఉన్నాయి. తడవకుండా చుట్టాను.

2:09కి వైర్‌లెస్ మోగింది.

మీ మనిషి మాట్లాడాడు. శిఖరం మీద ఉన్నానన్నాడు. "దారిలో ఎక్కడా ఏమీ లేదు. ఆవిడ ఇక్కడే ఉంది. బండి స్టాండు మీద ఉంది. ఆవిడ రాయి మీద కూర్చుని అల్లుకుంటోంది. చాలా కోపంగా ఉంది," అన్నాడు.

నేను మీ బల్ల అంచు పట్టుకున్నాను. మీరు వైర్‌లెస్ నా వైపు తిప్పారు. ఆమె గొంతు వచ్చింది.

"ఎవరు అక్కడ? మా అన్న ఉన్నాడా? ఉంటే చెప్పండి. వాడు వేసిన సీలు కారింది! ఎడమది. దారం పచ్చగా తడిసిపోయింది. అరగంట నుంచి ఇక్కడ కూర్చున్నా, ఒక్క కారు లేదు, ఒక్క మేక కూడా లేదు. ఐదింటికి పెళ్ళి!"

"దారమా?" అన్నాను. "ఏ దారం? నేను కట్టలేదే!"

"నేను కట్టుకున్నా. పంటు మీద. నా ఊలుతో. నీ ముందు కడితే నీ మొహం మాడిపోతుందని, నువ్వు కనపడనంత దూరం పోయాక కట్టా."

గట్టు మీద నుంచి నేను చూసింది అదే. అల్లిక తీసుకోవడం కాదు. ఆమె నా పనికి దారం కడుతోంది. నన్ను నమ్మలేదు.

"ఏమయ్యావురా? పలకవేం?"

అప్పుడు చెప్పాను. మీరంతా వింటుండగానే చెప్పాను. "సిగ్రూన్, ప్యాడ్లు కొత్తవి కావు. కాల్చి రుద్దాను. నీకు అబద్ధం చెప్పాను. దిగి ఉంటే మధ్యలో బ్రేకు పోయేది."

ఆమె పక్కన మీ మనిషి దగ్గాడు.

"నాకు కాలు ఎలా ఉందో తెలుసు కదరా నీకు," అంది. గొంతు మెల్లగా ఉంది. ఆమె అరిస్తే బాగుండేది.

"తెలుసు," అన్నాను.

"తెలిసే వేశావా?"

"తెలిసే."

ఆమె వైర్‌లెస్ మీ మనిషికి ఇచ్చేసింది. మీ మనిషి మాట్లాడాడు. బండిని అక్కడే ఉంచి తాళం తీసుకుంటున్నామని, ఆవిణ్ణి తమ కారులో చర్చి దాకా దింపుతామని, ఐదింటికి గంట ముందే చేరుస్తామని చెప్పాడు. కారు తలుపు తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె గొంతు మళ్ళీ, దూరం నుంచి, మీ మనిషితో అంటోంది: "ఆ ఎడమ పెట్టెలో నా బూట్లున్నాయి బాబూ, అవి తేవాలి." తర్వాత వైర్‌లెస్ ఆగింది.

మీరు అడిగారు, ఇప్పుడు ఏమీ జరగలేదు కాబట్టి ఈ కాగితాలు ఉంచాలా, చింపాలా అని. ఉంచండి. జరగకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు. నా ప్యాడ్లు ఆమెను చంపేవి, నా సీలు చెడిపోయి ఆపింది, ఆమె దారం చూపించింది. మూడూ రాయండి. నేను వేసిన సీలు కారిందన్న మాట విడిగా, స్పష్టంగా రాయండి. సంఘంలో చదివి వినిపించడానికి ఒక నకలు కావాలి. వాఫుల్స్ నేనే పెడతాను. తోర్లైఫ్ ఎంత నవ్వుతాడో నవ్వనివ్వండి. సిగ్రూన్ వస్తుందో రాదో తెలియదు. ఆమె నాతో మాట్లాడుతుందో లేదో కూడా తెలియదు. ఇవాళ సాయంత్రం చర్చిలో ఆర్గన్ మోగుతుంది, అది చాలు.

సంచిలోని ప్యాడు మీ దగ్గరే ఉంచండి. నేను ఇంతవరకు ఒక్క మేకు కూడా పారేసినవాణ్ణి కాదు. దీన్ని మాత్రం తిరిగి అడగను.

పైదంతా ఇంగున్ హౌగె నాకు నెమ్మదిగా చదివి వినిపించింది. నేను అన్నది అన్నట్టే ఉంది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. ఇందులో గురువారం సాయంత్రం నేను నా చెల్లెలితో అన్న "కొత్తవే" అన్న మాట ఒక్కటే అబద్ధం. మిగిలినదంతా నిజం.

మధ్యాహ్నం 2 గంటల 40 నిమిషాలు.

సంతకం: ఓడ్‌వర్ లీన్
(మొదటిసారి అక్షరాలు కుదరలేదు. కొట్టేసి, కింద రెండోసారి చేశారు. — ఇం. హౌ.)